రాజుగారు రాసిన కోట గేమ్ ఇంజను

ఉండి సెంటర్లో సత్యకుమారి టీ కొట్టు ముందు బల్ల మీద శ్రీనివాసరాజుగారు కూర్చున్నారంటే పనున్నవాళ్లు కూడా కాసేపు ఆగుతారు. రొయ్యల చెరువులు ఆయన వ్యాపారం, కోతలు కోయడం ఆయన ప్రాణం. కానీ ఆవేళ సాల్మన్ ఆగింది సరదాకి కాదు. ఒకప్పుడు ఆ కొట్టు వెనకే గేమ్ సెంటర్ నడిపిన మనిషి అతను. అప్పట్లో కుర్రాళ్లంతా పడిచచ్చిన కోట గేమ్ ఇప్పటి కంప్యూటర్లలో నడవడం లేదు. ఆ పాత బ్యాచ్ అంతా సాయంత్రం వస్తున్నారు, అందరిచేతా ఆ గేమ్ ఆడిస్తానని సాల్మన్ మాటిచ్చేశాడు. "నడిపించే పూచీ నాది" అంటూ రాజుగారు అతని దగ్గరున్న ఒకే ఒక్క సీడీ పట్టుకెళ్లారు. దాని సంగతి అడుగుదామని అతను నోరు తెరిచేలోపే ఆయన మొదలెట్టేశారు.

"కంగారెందుకండీ సాల్మన్ గారూ, కూర్చోండి. సత్యకుమారిగారూ, ఈయనకో టీ, అల్లం దండిగా వేసి. ఏం లేదండీ, చిన్న పని. సీడీ పెట్టాను, గేమ్ తెరుచుకోలేదు. పాతది కదండీ, కొత్త కంప్యూటర్ దాన్ని గుర్తు పట్టట్లేదు. సరే కదా అని అక్కడో లైను, ఇక్కడో లైను మార్చాను. కోట తలుపు ఓరగా తెరుచుకుంది. అంతే, నేనేం గొప్ప చెప్పుకోవట్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ? ఆ సందులోంచి తొంగి చూస్తే లోపల ఇంజను పూర్తిగా పాడైపోయుంది!"

"గేమ్‌కి ఇంజనేంటండీ?" అంది సత్యకుమారి.

"ఆయ్, బాగా అడిగారు. బొమ్మలు, పాటలు, కోటలు సీడీలో ఉంటాయండి. వాటిని ఆడించే ప్రోగ్రామే ఇంజను. సైనికుడు ఎటు నడవాలి, బాణం ఎక్కడ దిగాలి, గోడ ఎప్పుడు కూలాలి, అన్నీ అదే చూసుకుంటుంది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, లోపల ఏం రాశారో చెప్పే నాథుడు లేడు. మరి నేనేం చేశానూ? ఎవరో ఆడిన పాత వీడియో చూసుకుంటూ, వదిలిన బాణం ఎంతసేపటికి తగుల్తుందో కనిపెడుతూ, ఇంజను మొత్తం కొత్తగా నా చేత్తో రాసేశాను. ఎప్పుడనుకున్నారు? చెరువులో మేత చల్లించి వచ్చి, స్నానానికి నీళ్లు కాగేలోపల."

"నీళ్లు కాగేలోపలే?" అన్నాడు పక్క షెడ్డులో బళ్లు బాగుచేసే విజయ్ పాల్.

"గీజరు కాదండీ, కట్టెల పొయ్యి. ఉన్నమాటే చెప్పాలి కదా! మరి రాసింది దాచుకుంటే నాకూ ఆ కంపెనీకీ తేడా ఏంటండీ? ఓపెన్ సోర్స్ చేసేశాను. అంటే సత్యకుమారిగారూ, మీ అల్లం టీ ఎలా పెడతారో బోర్డు మీద రాసి సెంటర్లో కట్టారనుకోండి. ఎవరైనా చూసి పెట్టుకోవచ్చు, కావాలంటే ఓ యాలక్కాయ కలుపుకోవచ్చు, కలిపింది మళ్లీ బోర్డు మీద రాయాలి."

"అప్పుడు నా కొట్టుకెవరొస్తారండీ?"

"నేను రానూ? అలా పెట్టానో లేదో, దేశదేశాలవాళ్లు వచ్చి మీద పడ్డారండీ. జర్మనీ ఆయన గుర్రాలు బాగుచేశాడు. జపాన్ ఆయన వాన కలిపాడు. ఆ వాన ఎంత బాగా కుదిరిందంటే, ఆకివీడు దాకా రైతులు ధాన్యం మీద బరకాలు కప్పుకున్నారు. ఏదీ, మొన్న వాన పడిందా లేదా?"

"పడిందండీ," అని ఒప్పుకున్నాడు విజయ్ పాల్.

"అదీ! ఇంకోటి చెప్తా వినండి. అందులో శత్రువులు మరీ మొరటుగా ఉన్నారని మన మర్యాద కాస్త నేర్పించాను. ఇప్పుడు కత్తి దూసేముందు 'ఏవండీ, పొడుస్తున్నానండీ, కాస్త పక్కకి జరగండీ' అంటారు. జరక్కపోతే భోజనం పెట్టి పొడుస్తారు. తిన్నవాణ్ణి పొడవబుద్ధి కాక ఆఖరికి కత్తులు పక్కన పడేసి రెండు సైన్యాలూ ఒకే పంక్తిలో కూర్చున్నాయండీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఇంజను స్పీడుకి కంప్యూటర్లో ఫ్యాను తిరిగిందండీ, ఆ గాలికి మా చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు కరెంటు లేకుండా తిరిగాయి. రొయ్యలు ఎంత ఎదిగాయంటే వలలు చాల్లేదు, ఒక్కోదాన్ని ట్రాక్టరుకి కట్టి లాగాం. అది చూసి సైనికులు ఆగలేక తెరలోంచి దూకి రొయ్యల పట్టుబడికి సాయం పట్టారు. వాళ్లని పోలవరం పనికి పంపమని ఎవరో ఒకటే ఫోన్లు. కుదరదన్నాను. సాయంత్రం సాల్మన్ గారి ఆటుంది కదండీ, అప్పటికి మళ్లీ లోపలికి వెళ్లిపోవాలి వాళ్లు!"

సాల్మన్ ఇక ఉండలేకపోయాడు. "అవన్నీ సరేనండీ, మావాళ్లు భీమవరం దాటేశారంట. ఇంజను ఎంత గొప్పదైనా బొమ్మలు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది కదండీ. నా సీడీ ఏదండీ?" అక్కడున్న అందరికీ జాలేసింది.

"సీడీయా! అంత విలువైంది ఇంట్లో ఉంచుతానా? యానాంలో లాకర్లో పెట్టించాను. తుపాకులతో ఇద్దరు కాపలా. ఇంకాసేపట్లో హెలికాప్టర్లో..."

అప్పటిదాకా టీ ఊదుకుంటూ కూర్చున్న కృపారాణి గ్లాసు కింద పెట్టింది. చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఆమె ఉద్యోగం, పొద్దున్నే గట్లమ్మట తిరిగి శాంపిళ్లు పడుతుంది. సీసాల డబ్బా తెరిచి, తువ్వాల్లో చుట్టిన సీడీ ఒకటి తీసి సాల్మన్ చేతిలో పెట్టింది. దాని మీద మార్కరుతో 'సాల్మన్ గేమ్ సెంటర్' అని రాసుంది.

"లాకర్లో కాదండీ రాజుగారూ. పిట్టలు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా మీ చెరువు మీద తాళ్లకి పాత సీడీలు కట్టించారు కదండీ, వాటిలో వేలాడుతోంది. పేరు చూసి విప్పుకొచ్చాను. తుడిచి చూశానండీ సాల్మన్ గారూ, పెద్ద గీతలేం లేవు. ఇంజనంటారా, ఎవరో పుణ్యాత్ములు ఏళ్ల తరబడి కూర్చుని రాసి నెట్‌లో ఊరికే పెట్టారు. మీ సాయంత్రం ఆట సంగతి విని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెచ్చాను, పదండి, మీవాళ్లొచ్చేలోపు పెట్టేద్దాం."

సాల్మన్ ఆ సీడీని గుండెకి హత్తుకున్నాడు. అతని మొహంలో పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సత్యకుమారి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. రాజుగారు మాత్రం గొంతు సవరించుకున్నారు.

"అది కావాలనే కట్టించానండీ! అందులో ఉన్నది మామూలు సైన్యమా? నా పేరు చెప్తే దేశదేశాలు వణుకుతున్నాయి, పిట్టలొక లెక్కా?"

"దేశాల సంగతి నాకు తెలీదండీ," అంది కృపారాణి డబ్బా మూసుకుంటూ. "నేను వెళ్లేసరికి ఓ నీటికాకి ఆ సీడీలో మొహం చూసుకుంటూ మీ రొయ్య తింటోందండీ."