తూకానికి ముందు

అది కాదు టెగన్, పోయిన నెల నేను గెలిచానా లేదా? గెలిచిన నేను ర్యాంకుల్లో నాలుగు నుంచి ఆరుకి దిగడమేంటి, మోకాలు బాగోలేదని ఇంట్లో కూర్చున్న నువ్వు మూడుకి ఎక్కడమేంటి?

నిన్ను అనట్లేదులే. తల వంచుకునే కూర్చో. ఈ ఆవిరిగదిలో మాట్లాడితే నోట్లో ఉన్న కాస్త తడీ ఆరిపోతుంది. నేనంటే పొద్దున్నే తూకానికి సరిపడా బరువు దింపేసుకున్నాను కాబట్టి వాగుతున్నాను.

ఆ ర్యాంకులు వేసే విలేకరులున్నారే, వాళ్ళలో ఒక్కడైనా బ్రిస్బేన్ వచ్చి నా ఫైట్ చూశాడా? ఫోన్లో నీ వీడియోలు చూస్తారు. మా అమ్మా చూస్తుంది. రేపు ఫైట్‌లో నేను కొట్టాల్సింది నిన్నేనని తెలిసి కూడా, ఆ పిల్ల జుట్టు ఎంత బాగా అల్లుకుంటుందో అని నాతోనే అంటుంది.

పోనీ స్పాన్సర్ డబ్బైనా? మనతో ఫైట్లు ఆడించే ఈ కంపెనీలో ఎన్ని ఫైట్లు చేస్తే అంత అట. మరి మా ఊరు నుకుఅలోఫాలో, ఆ తర్వాత లోగన్‌లో క్లబ్బు హాళ్ళలో నేను దెబ్బలు తిన్న ఏళ్ళు? అవి లెక్కలోకి రావట.

మా విలియామి మామయ్యది చేమదుంపల కొట్టు. నా జిమ్ ఫీజు కట్టింది ఆయనే. అప్పట్లో నా నిక్కరు మీద ఆ కొట్టు పేరే ఉండేది. ఇప్పుడు కంపెనీ ఇచ్చినవే వేసుకోవాలి కదా. మొన్న చూడ్డానికొచ్చి, మన పేరు ఏదమ్మా అన్నాడు. ఏం చెప్పను?

నీకు ఆ షాంపూ వాళ్ళు విడిగా ఇస్తున్నారట. ఇవ్వనీ.

మీ కోచ్ ఏడి? తూకం మిషన్ తేవడానికా? ఇంకా ఎంత దిగాలి? వేళ్ళతో చూపించు. అరకిలోనా.

ఉండు. చెయ్యి ఇలా ఇవ్వు.

నీకు చెమట ఆగిపోయింది పిల్లా. ఒళ్ళు కాలిపోతోంది, చుక్క చెమట లేదు. ఎప్పట్నుంచి? నావైపు చూడు. నా పేరేంటి? ఫూసి. ఫూసి అను.

లే. నా మెడ పట్టుకో. తలుపు దాకా అంతే. అలా. ఈ గోడ చల్లగా ఉంది, ఆనుకో. డాక్టర్ కోసం ఇక్కడ నేల తుడిచే ఆవిణ్ణి పంపాను, వస్తారు.

ఇదిగో నీళ్ళు. మొహం తిప్పుకోకు. తెలుసు, ఇవి తాగితే తూకం తప్పుతావు. రేపు గెలిస్తే నీకిస్తామన్న టైటిల్ ఫైట్ నాకొస్తుంది. నీ ఫీజులో వాటా కూడా నాకే ఇస్తారు. ఫూసి కావాలనే తాగించిందంటారు అందరూ.

అననీ. బరువు దిగినదాన్ని ఈ వేడిలోకి మళ్ళీ ఎందుకొచ్చాననుకున్నావు? నువ్వు ఆ బరువుకి దిగుతావో లేదో చూసిపోదామని. ఇంతసేపూ నీ పక్కన కూర్చుని, తప్పితే బాగుండు, తప్పితే బాగుండు అనుకుంటూనే ఉన్నాను.

తాగు. మెల్లగా. నీకోసం తాగిస్తున్నానా నాకోసమా అని మాత్రం అడక్కు. నాకూ తెలీదు.