వాలులో ఎట్టిన అంబాసిడర్

— తాతా, కారులో ఆయిల్ ఎంతుందో ఇంటికాడ మనమే ఎలా చూసుకోవాలి?

సెప్తాను గానీ, ముందు ఆ సెల్లు అలా ఎట్టావేటి? రికార్డా? ఎవులికి ఇనిపిత్తావు? నీకేనా? సరే. నాకు ఎవుల మీదా నమ్మకం నేదమ్మా, సిన్నప్పట్నుంచీ ఉన్న రోగం. మీ నాయినమ్మ అనేది కదా, నీ నీడ ఎనకాల వొస్తే దాన్నీ అనుమానిత్తావు అనీసి.

మనకి అంబాసిడర్ ఉండేది. ఎనభైల్లో... కాదు కాదు, డెబ్బైల ఆకర్న కొన్నాను. సెకండాండుది. జీడితోట రెండేళ్ళు బాగా కాసింది మరి. దాన్ని సూసీవోడు మా బామ్మర్ది దేవదానం, మీ నాయినమ్మ తమ్ముడు, మెకానిక్కు. మాకవరపాలెం రోడ్డులో సిన్న షెడ్డు ఆడిది. ఆదోరం గుళ్ళో ప్రార్థన అయ్యాక వొచ్చీసి ఆయిలు, నీళ్ళు, బేటరీ అన్నీ సూసీవోడు. పైసా పుచ్చుకునీవోడు కాదు. అదే నాకు అనుమానం! ఊరికే ఎవుడు సేత్తాడు సెప్పు?

అప్పట్లో డబ్బా ఆయిలు కొనాలంటే జీడిపిక్కల బస్తా అమ్మాల. మెకానిక్కులు ఇంజనులోంచి కొంచిం కొంచిం ఆయిలు తీసీసి అమ్ముకుంతారని ఎవుడో అన్నాడు. ఎవుడన్నాడో ఇప్పుడు గేపకం నేదు గానీ, మాట సెవిలో దూరిపోనాది. ఓ ఆదోరం ఆడు సూసి, నిండుగా ఉంది బావా అని ఎల్లాక, పెరట్లో పాకలో మట్టంగా ఉన్న కారు తీసీసి వీధరుగు ముందర ఎట్టాను, నా కళ్ళెదర ఉంతాదని. అక్కడ నేల వాలు. కారు ముక్కు పైకి, తోక కిందకి. మర్నాడు పొద్దున్నే నానే ఆయిలు సూసే పుల్ల లాగి, గుడ్డతో తుడిసి, మళ్ళీ ముంచి సూసేను. సూత్తే ఏటి? ఆయిలు గీతకి కిందన!

ఇంకేటుంది. వొచ్చే ఆదోరం గుడి మెట్ల మీద, అందరి ముందరా, బైబిలు మీద సెయ్యేసి సెప్పరా అన్నాను. "ఒట్టెయ్యకూడదని బైబిల్లోనే ఉంది కద బావా. తియ్యలేదంటే తియ్యలేదు" అన్నాడు. సూసేరా, ఒట్టెయ్యనంతన్నాడు, దొంగే అన్నాను. బైబిలు పేరెత్తిన ఆ నోటితోనే. ఊర్లో ఒకడికి తెలిస్తే సాలు కదా? ఆడి షెడ్డుకి బళ్ళు రావడం మానీసినాయి. బతుకు కోసం పాయకరావుపేట ఎల్లిపోనాడు, లారీల పనికి.

మీ నాయినమ్మ గుళ్ళో ప్రభువు బల్లకి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చినప్పుడు తలొంచుకుని కూకునేది, తీసుకునేది కాదు. ఇంట్లో గొడవెట్టుకుని తీసుకోకూడదు కదా మనం. తప్పు నాది, మానీసింది అది.

ఈలోపల నాను ఆ వాలులోనే సూసుకుని గీత దాకా ఆయిలు పోసుకుంతా ఉన్నాను. కారు ఎనకాల పొగ, కింద మరకలు. అదీ ఆడి పనే అనుకున్నాను, సూడు! నాలుగైదు నెల్లయ్యాక అరుగుకి సిమెంటేయించాల్సొచ్చి కారు మళ్ళీ పాకలో ఎట్టాను. పొద్దున్న పుల్ల లాగితే ఆయిలు పైగీత దాటీసి ఉంది. పోసినోడు ఎవుడా అని కాసేపు దాని మీదా అనుమానమే. మళ్ళీ వాలులో ఎట్టి, కాసేపాగి సూసేను, దిగింది. పాకలో ఎట్టేను, ఎక్కింది. అప్పుడు తెలిసింది, ఆయిలు ఎవుడూ తియ్యనేదు, వాలుకి ఎనక్కి జారింది, ఎక్కువ పోసి పొగ తెప్పించింది నానే. సిగ్గమ్మా, సెప్పలేనంత సిగ్గు.

పొగ కక్కుకుంతా పాయకరావుపేట ఎల్లేను. తప్పైపోనాదిరా అన్నాను. "పోన్లే బావా, దిగు" అనీసి బండి కిందకి దూరీసినాడు. పనయ్యాక ఆయిలు కారకుండా ఆపే పాత సీలు, అరిగిపోయిన వాషర్లు, అన్నీ గుడ్డలో మూట కట్టి సీటు మీద ఎట్టాడు. ఏటిరా ఇది అంటే, "నీయే బావా, లెక్క సూసుకో" అన్నాడు. ఎటకారం కాదు. కోపమూ నేదు.

ఆ నెల మీ నాయినమ్మ మళ్ళీ రొట్టె తీసుకుంది. దేవదానం ఊరొచ్చి షెడ్డు మళ్ళీ తెరిసేడు. ఆడు బతికినంత కాలం మన కారు బాగుసేసేవోడు, ఊడిన నట్టొకటైనా సరే మూట కట్టీసి నా సేతికిచ్చీవోడు. ఒద్దురా అన్నా ఇచ్చీవోడు. ఒక్కసారి తిట్టీసుంటే బాగుణ్ణు...

నువ్వు బండి మట్టంగా ఉన్న సోట ఎట్టి, ఇంజను సల్లారాక సూడు తల్లీ. దేవుడు నీకు మనుసుల్ని నమ్మే గుండె ఇవ్వాల... నాకైతే...