కొండ మీద జాజు బొమ్మలు

కోటిపల్లి రేవు. 1984, వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం. అమలాపురంలో డ్రాయింగు మాస్టారుగా చేస్తున్న జీవరత్నం, ఆయన భార్య హన్నా, ఎనిమిది నెలల కూతురు కృపతో కర్నూలు వైపు కొండల్లో పాతకాలపు బొమ్మలు చూసి తిరిగొస్తూ, గోదావరి దాటడానికి పంటు కోసం గట్టు మీద ఆగారు.

"అటు కాదండి, ఇటు. అక్కడ తడిగా ఉంది."

"చూసేన్లే."

"చూస్తే ఎందుకు కూర్చోబోయేరు?"

"నడుం పడిపోయింది హన్నా. నాలుగు రోజులు దీన్ని వీపున మోసేను. తడో పొడో చూసుకునే ఓపికెక్కడిది? నిద్రపోయిందా?"

"లేదు. మెలకువగానే ఉంది."

"గట్టి పిల్ల. అంత ఎండలో కొండెక్కితే కిక్కురుమన్లేదు. ఎన్‌సీసీ సంచికి కాళ్ళ కోసం రెండు కంతలు కోస్తుంటే మీ అమ్మగారేవన్నారు? బిడ్డనుకున్నారా, బియ్యవనుకున్నారా అన్నారు. ఇప్పుడు చెప్పు ఆవిడికి."

"ఏం చెప్పమంటారు?"

"వెళ్ళేం, చూసేం, వచ్చేం అని."

"చూసేమా?"

"అదేం మాట?"

"ఉత్తినే అడిగేను."

"చూళ్ళేదా మరి? వేల ఏళ్ళ నాటి బొమ్మలు! ఎర్రజాజు మట్టితో వేసేరు. వానకి పోలేదు, ఎండకి పోలేదు. నేను బోర్డు మీద వేసిన మామిడిపండు పక్క పీరియడు దాకా ఉండదు."

"మీకే బొమ్మ నచ్చిందండి?"

"జింక."

"జింక ఎటుందండి?"

"ఎటుండటవేవిటి? రాతి మీద."

"రాతికి ఏ పక్కన?"

"ఏంటి హన్నా, ఇనస్పెక్షనా?"

"లెండి, వదిలేయండి. అదుగో, పడవల తాతబ్బాయి. మీకు దణ్ణం పెడుతున్నాడు."

"ఎక్కడ? ఆఁ, ఆఁ... ఆయ్, దణ్ణం తాతబ్బాయీ! బాగున్నావా?"

"అక్కడెవరూ లేరండి."

"ఏవిటీ?"

"ఎవరూ లేరు. ఖాళీ మెట్లు."

"చీకటి పడింది కదా, నేను..."

"చీకటెక్కడండి? సూర్యుడింకా నీళ్ళ మీదే ఉన్నాడు."

"ఎందుకలా చేసేవు హన్నా?"

"తప్పే. తప్పే చేసేను. మీ అంతట మీరు చెప్తారని నాలుగు రోజులు చూసేను. చెప్పలేదు. జింకలు రాతికి కుడిపక్కనుంటే, మీరు ఎడం పక్క బోసిరాయి చూపించి, ఆ కొమ్ములు చూడు హన్నా, ఆ కొమ్ములు చూడు అన్నారు. దారి చూపించడానికొచ్చిన గొర్రెలాయన నా మొహంలోకి చూసేడు. నేను తల దించుకున్నాను."

"వాడేవన్నా అన్నాడా?"

"ఏవీ అన్లేదు. దిగేటప్పుడు మీ చెయ్యి పట్టుకున్నాడు, అంతే. ఎన్నాళ్ళనించండి?"

"రెండేళ్ళు. ముందు రేచీకటనుకున్నాను. తర్వాత పక్కలనించి మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు గొట్టంలోంచి చూస్తున్నట్టుంటది. నీ మొహంలో కన్ను చూస్తే ముక్కు కనపడదు, ముక్కు చూస్తే నోరు కనపడదు."

"డాక్టరుకి చూపించేరా?"

"కాకినాడలో ఇద్దరికి చూపించేను. మందు లేదన్నారు. క్రిస్మసు దాకా ఉంటే గొప్పన్నారు."

"మరి బళ్ళో ఎలాగండి?"

"బోర్డు మీద పిల్లల చేతే వేయిస్తున్నాను. బాగుందిరా అంటాను. అందరికీ పదికి ఏడు వేస్తాను. ఏడంటే ఎవరూ అడగరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కడుపుతో ఉన్నావు. తర్వాత బాలింతవి. తర్వాత... తర్వాత ఏవీ లేదు హన్నా. భయం."

"చూపు పోతుంటే కొండలెక్కడవేంటండి? ఇంటిపట్టున ఉండి, పిల్ల మొహం చూసుకోక?"

"అక్కడ మాస్టారుగా చేస్తున్న మా ధనరాజు ఆ బొమ్మల గురించి ఉత్తరం రాసేడు కదా. అది చదివిన కాణ్ణించీ అదే ధ్యాస. మా నాన్న పాలేరు. నా చిన్నప్పుడు బొగ్గుతో గోడ మీద ఎద్దుని వేస్తే, ఎవరి ఎద్దురా ఇది, మన గుమ్మంలోకొచ్చిందీ అని అడిగేడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ గీసేను. సరే, ఇంక ఎలాగూ గియ్యలేను, మొట్టమొదట గీసినోడి గీత చూసేసి మానేద్దాం అనుకున్నాను. రాతికి ముక్కానించి చూసేను. ఎర్రగా ఏదో మరక. అంతే. పోయినేడాది వెళ్ళుంటే కనపడేది."

"పోయినేడాది ఎందుకెళ్ళలేదండి?"

"నీకు ఆరోనెల."

"ఒక్కరే వెళ్ళొచ్చు కదా."

"నిన్నొదిలేసా?"

"అడిగితే వెళ్ళమనేదాన్ని."

"అయినా నువ్వు పాపకి చెప్తుంటే విన్నాన్లే. ఇదుగోనమ్మా దుప్పి, ఇదుగో దాని కడుపులో పిల్ల, ఇదుగో చేతులు పట్టుకుని ఆడేవాళ్ళు ఏడుగురు, చివరావిడ చెయ్యి విడిపోయింది పాపం, అని. ఎనిమిది నెలల పిల్లకి ఏం తెలుస్తుందని అంత విడమర్చి చెప్పేవు?"

"దానికి కాదండి చెప్పింది."

"తెలుసు."

"ఏడవకండి. జనం వస్తున్నారు."

"రానీ. నాకెలాగూ కనపడరు కదా."

"ఊరుకోండి. మాస్టారుగారు ఏడుస్తున్నారంటారు. ఇది మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?"

"మా నానమ్మకి. పొయ్యి పొగ వల్లనుకున్నారు. ముప్ఫయ్యేళ్ళకే చేతికర్ర పట్టింది."

"డాక్టర్లేవన్నారు? వంశంలో వస్తుందన్నారా?"

"రావచ్చన్నారు. అందరికీ రావాలనేం లేదన్నారు. మా నాన్నకి రాలేదు కదా! సూదిలో దారం ఎక్కించేవాడు చచ్చేదాకా. పాపకి రాదు. రోజూ ప్రార్థన చేస్తున్నాను. నా వంతు నాకిచ్చేసేవు ప్రభువా, దాని జోలికి వెళ్ళకు అని."

"పంటు బయల్దేరిందండి, అవతలి ఒడ్డునించి."

"నాకో మాటివ్వు హన్నా."

"ఇంటికెళ్ళేక ఇస్తాను."

"ఇక్కడే ఇవ్వు. కృపకి పదో పన్నెండో ఏళ్ళు వచ్చేక దాన్ని మళ్ళీ ఆ కొండకి తీసుకెళ్ళు. నేను రాను, నాతో మీకు చాకిరీ. మీరిద్దరే వెళ్ళండి. నేను చూడలేంది అది చూడాలి. ఇంటికొచ్చి నా చేతిలో వేలితో గీసి చూపించాలి, నాన్నా, జింక ఇలా ఉందీ అని. నాకింక అదొక్కటే మిగిలింది."

"లేవండి. దగ్గరికొచ్చేసింది."

"మాటివ్వు."

"సంచి మీరు తీసుకోండి, పాపని నేనెత్తుకుంటాను. జాగర్త, మూడు మెట్లున్నాయి."

"మాట్లాడవేం హన్నా? ఏడుస్తున్నావా? అంత ఏం అడిగేనని! తీసుకెళ్తావా, తీసుకెళ్ళవా?"

"రావాలండి మాస్టారూ! పంటు పలక మీద అడుగెయ్యండి, నే పట్టుకుంటాను. అమ్మగారూ, పాప జాగర్తండి!"

"ఆయ్, వస్తున్నాం కొండబాబూ, ఒక్క నిమిషం. చెప్పు హన్నా."

"తీసుకెళ్తానండి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. కానీ అక్కడ దానిక్కూడా నేనే చెప్పాలి. దానికి మూడోనెల వచ్చిన కాణ్ణించీ చూస్తున్నాను... కళ్ళ ముందు దీపం ఎటు తిప్పినా, పిల్ల చూపు తిప్పట్లేదండి."