ఇంజను అంజనమ్మ

ఏమప్పా గంగాధరా, మల్లా ఇంగొగ ఫోను కొన్నావా? పోయిన ఉగాదికి కదా ఒగటి కొంటివి, దానికేమొచ్చిందంట? ...నాకా? నాకెందుకప్పా ఇది, ఈ వయసులో. సరే, ఆ మంచం మీద పెట్టు. నా మీద పెట్టొద్దు, పక్కన పెట్టు. మోగుతాదేమో. నవ్వొద్దు నువ్వు. కొత్త సామాను కనపడితే నీ చెయ్యి ఊరుకోదు గదా, ఆ గుణం యాడినుంచి వచ్చిందనుకుంటాండావు? మీ నాయన నుంచి కాదులే. వాడు బల్బు మార్చాలన్నా పక్కింటోన్ని పిలుస్తాడు. మీ జేజి నుంచి వచ్చింది. మా వదిన అంజనమ్మ నుంచి. నువ్వు చూడలేదు. ఆయమ్మ పోయేనాటికి మీ నాయనకే పదమూడేండ్లు, ఇంగ నువ్వు యాడ చూస్తావు. ఆ దిండు ఇట్ల తే, నడుము పట్టేసింది. చెప్తా.

ఆయమ్మది గుంతకల్లు. వాళ్ల నాయన రైలు షెడ్డులో ఫిట్టరు. పిల్లప్పట్నించి ఇంజన్ల కూతల మధ్యలో పెరిగిన మనిషి. మా రాప్తాడు పక్క ఏముండాది అప్పుడు? రాళ్లు, తుమ్మచెట్లు, కొర్రచేను. యాభై రెండు, కరువు సంవత్సరం, సర్కారోళ్లు గంజి కేంద్రాలు పెట్టిన ఏడు. ఆ ఏడే వచ్చింది కోడలుగా. సారె కింద ఏం తెచ్చిందో తెలుసునా? బిందెలు కాదు, టార్చిలైటు. ఇంగొగటి అలారం గడియారం. మాయమ్మ నోరు తెరిచి చూసె. "కోడల్ని తెచ్చుకుంటిమా, రైలింజన్ని తెచ్చుకుంటిమా" అనె. ఆయమ్మ మొగం మీదే అనె. మా వదినకు కోపమే రాలా. పకపకా నవ్వేసె.

ఏదన్నా కొత్తది ఇంట్లోకి వస్తే ఆయమ్మ "దీన్ని ఎట్ల నడిపేది?" అని అడిగేది. నేను "ఎట్ల ఆపేది?" అని అడిగేవాణ్ణి. మా అన్న, అదే మీ తాత ఎర్రన్న, ఏమీ అడిగేవాడు కాదు. లేసి ఎద్దుల దగ్గరికి పోయేవాడు. అదీ మా ముగ్గురి కత. నువ్వు నవ్వుతాండావు గానీ, ఒగ పొద్దు సాయంత్రం ఆయమ్మ టార్చి వెలిగించి నా చేతికిచ్చి నీళ్లకు పోయె. ఇంట్లో నేనొక్కన్నే. ఆపేది చెప్పలా. ఎంతసేపని పట్టుకుంటా? వేడెక్కి అంటుకుంటాదేమో కొట్టం అని నాకు భయం. గంప బోర్లించి, దాని మీద రోకలి అడ్డం పెట్టి, పక్కనే కాపలా కూర్చుంటి. ఆయమ్మ వచ్చి చూసి, బిందె దించకుండానే నవ్వె. నవ్వి, ఏమనింది? "కాపలా కూర్చున్నావు చూడు మారెప్పా, పారిపోలేదు. అది చాలు" అనె. ఎగతాళి చేసేదనుకుంటి. చేయలా.

గడియారం సంగతి చెప్పినానా? లేదా? దాన్ని మొత్తం విప్పి చీర కొంగు మీద పరిచింది ఒగసారి. ఎందుకు విప్పినావు వదినా అంటే, "లోపల ఎవరుండారో చూద్దామని" అనె. మల్లా బిగించింది. ఒగ మర మిగిలిపాయ. "ఇది దానికి అక్కర లేదేమోలే" అని జాకెట్టుకు పిన్నీసుతో కట్టుకునె. గడియారం మాత్రం నడిచె. మా ఇంట్లో నేను చూస్తుండగా పన్నెండేండ్లు నడిచె. అది ఇప్పుడు యాడుందో... మీ అత్త ఇంట్లో ఉండాలి. సరే, అది కాదు నేను చెప్పాలనుకున్నది.

ఇంజను. ఇంజను సంగతి. మా బావికి కపిల ఉన్నింది. కపిలంటే నీకేం తెలుసు, ఎద్దులు వాలులో దిగితే మోకుకు కట్టిన తోలు బాన నీళ్లతో పైకొస్తాది, ఎద్దులు వెనక్కి నడిస్తే బాన దిగతాది. తెల్లారుజాము నుంచి మా అన్న తోలేవాడు. పాడతా తోలేవాడు. ఒగో బానకు ఒగో పదం. మడికి ఇన్ని పదాలని లెక్క. వానికి గడియారం అక్కరలా, పాటే గడియారం. ఎద్దులు నురగ కక్కితే విప్పేవాడు. మల్లా ఎండ దిగినాక కట్టేవాడు. మా నాయన అట్లే చేసినాడు, వాళ్ల నాయన అట్లే చేసినాడు.

మా వదిన ఎనబై చీనీ చెట్లు, బయటోళ్లు బత్తాయి అంటారే అవి, పెట్టించింది ఆ చేన్లో. అందరూ నవ్విరి. మూడేండ్లు కుండలతో మోసి పోసింది, వేలి లావు మొక్కలకు. నాలుగో ఏడు పూత పట్టె. ఆ ఏడు వాన లేదు. చెట్లు పెద్దవైపాయ, కపిల నీళ్లు చాలడం లేదు. ఎద్దులకు మేత లేదు. అప్పుడు అనింది, ఇంజను పెడదాం అని. అరవై ఒకటో, అరవై రెండో. క్రూడాయిలు ఇంజను. దానికి ఎద్దుల జత అమ్మల్ల, ఆయమ్మ కాసులదండ అమ్మల్ల. నేను అడ్డం పడితి. "వదినా, అది చెడిపోతే ఎద్దులు తిరిగొస్తాయా?" అంటి. మా అన్న ఎద్దుల మెడలు నిమిరి, పలుపులు విప్పి ఇచ్చేసె కొన్నోనికి. మోకు మాత్రం ఇయ్యలా. భుజాన వేసుకుని ఇంటికొచ్చె.

ఇంజను బండి మీద వచ్చిన పొద్దు ఊరంతా వచ్చింది. పసుపు రాసినారు, యాపమండలు కట్టినారు. హ్యాండిలు తిప్పేదానికి మొగోళ్లు ముగ్గురు చేతులు పెట్టి అలిసిపోయిరి. మా వదిన కొంగు నడుముకు చెక్కి, రెండు తిప్పులు తిప్పె. టక్ టక్ టక్ అని పట్టుకునె. పైపులో నుంచి నీళ్లు... అప్పా, మనిషి నడుమంత లావు! కాలవ కట్టలు తెగిపాయ. ముసలోళ్లు గూడా ఆ నీళ్ల కింద తలకాయ పెట్టిరి. గోవిందప్ప అనే ఆసామి ఉండె, పక్క చేనోడు. "ఆడమనిషి ముట్టిన ఇంజను, గంగమ్మ అలుగుతాది చూడు" అనె. ఎవరూ పట్టించుకోలా.

ఇంగ చూడప్పా, మేము చేసిన తప్పు. మాలాంటి కపిలోళ్లే చేస్తారు అట్లాంటి తప్పు. కపిలకు ఎద్దులు అలిసినప్పుడు ఆపేది. అంతే మాకు తెలిసింది. ఇంజను అలిసేది లేదు గదా! ఎవరు ఆపల్ల, ఎప్పుడు ఆపల్ల? నడస్తానే ఉండాది, మేము చూస్తానే ఉండాం సంబరంగా. ఎద్దులు ఒగ పూట పడుకున్నప్పుడు బావి ఊరేది, ఆ సంగతి మాకు ఎన్నడూ తట్టలా. మూడో పొద్దు, ఎండ ఎక్కకముందే బావి ఎండిపాయ. పైపు గాలి పీల్చె. ఇంజను చల్లబడేది గూడా ఆ నీళ్లతోనే. నీళ్లు రాక అది కాలిపోయి, గుర్రుమని ఒగ మూలుగు మూలిగి పట్టేసె. హ్యాండిలు కదలదు.

గోవిందప్ప గట్టు మీద నిలబడి "చెప్పినానా లేదా" అనె. నేనేమంటినో తెలుసునా? ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉండాది. నేనూ అదే అంటి. "ముందే చెప్పినా గదా వదినా" అంటి. ఎద్దులు లేవు. ఎనబై చెట్ల మీద గోలీలంత కాయలు. పది దినాలు నీళ్లు లేకపోతే అన్నీ పోతాయి. మా అన్న బావిగట్టున మోకు పక్కన పెట్టుకుని కూర్చునె. సంగటి ముద్ద పెడితే అట్లే ఉండె.

మా వదిన బావిలోకి తొంగి చూస్తా ఉండె. చానాసేపు చూసె. ఏడుస్తాందేమో అనుకుంటి. కాదప్పా. తిరిగి నన్ను చూసి, "మారెప్పా, ఈ బావి అడుగు నువ్వెప్పుడన్నా చూసినావా?" అనె. లేదంటి. "మీ నాయన?" లేదంటి. "ఈ పొద్దు మనం చూసినాం. అడుగు తేలిందంటే, ఇంగా లోతుకు దింపొచ్చు గదా!" అనె. అర్థమయిందా నీకు? ఇన్నేండ్లు ఆ బావిని ఎవరూ ఎందుకు దింపలా? కపిలతో తోడేలోగా మల్లా ఊరుతాది, అడుగు తేలనే తేలదు. ఇంజను చేసిన ఆ చెడ్డ పనినే మంచి పని చేసుకుందామంటాది ఆయమ్మ! అందరికీ కొంప మునిగినట్లు కనపడితే, ఆయమ్మకు దావ కనపడింది. ఇప్పుడు తలుచుకున్నా నా ఎద పొంగుతాది.

జాబు రాస్తే వాళ్ల నాయన రైలెక్కి వచ్చినాడు. తండ్రీ బిడ్డా గోనెసంచి మీద ఇంజను విప్పిరి. రెండు దినాలు. చేతులు మోచేతుల దాకా నల్లగా. మాయమ్మ, రైలింజను అన్న మాయమ్మే, ముద్దలు చేసి కోడలి నోట్లో పెట్టింది, చేతులు మురికి గదా అని. మూడో పొద్దుకు మల్లా టక్ టక్ అనె. అప్పుడు ఒడ్డె ఎర్రిస్వామిని పిలిపించింది. రాయి కొట్టే మనిషి, నలుగురు అన్నదమ్ములు. ఇంజను నడస్తా ఉంటే లోపల నీళ్లు తగ్గతాయి, ఆ తోడిన నీళ్లు చెట్లకు పోతాయి, వాళ్లు దిగి సమ్మెట పట్టేది. ఊట నీళ్లు కొంచెం చేరితే మల్లా ఇంజను. ఎక్కువ నడిపితే మల్లా కాలతాది. తక్కువ నడిపితే వాళ్లు మునుగుతారు.

అప్పుడు నన్ను పిలిచింది. "మారెప్పా, నువ్వు ఆ బావి మెట్టు మీద కూర్చో. కదలొద్దు. నీకు భయమైనప్పుడు చెయ్యెత్తు" అనె. "నాకు అన్నీ భయమే వదినా" అంటి. "అందుకే నిన్ను కూర్చోపెడతాండా" అనె. "నేనైతే ఇంగొంచెం, ఇంగొంచెం అని మొండికి పోతా. మీ అన్న నోరు తెరిచి చెప్పడు. నీ భయమే మాకు కావాల" అనె. అప్పా, నా జన్మలో అప్పటిదాకా నన్ను పిరికోడన్నోళ్లే గానీ, నా పిరికితనంతో పనుండాదని అన్న మనిషి లేడు.

తొమ్మిది దినాలు కూర్చుంటి. ఎన్నిసార్లు చెయ్యెత్తినానో. ఎర్రిస్వామి కింద నుంచి అరిచేవాడు, "ఏమన్నా, బల్లి కదిలిందా?" అని. వాళ్లు నవ్వేది, ఎక్కి వచ్చేది, మల్లా దిగేది. మా వదిన ఒగసారైనా "ఎందుకెత్తినావు" అని అడగలా. చెయ్యి లేస్తే చాలు, ఎక్కిరండప్పా అని కేకేసేది. తొమ్మిదో పొద్దు మూలన రాతిలో ఎర్రగా చెమ్మగిల్లే నీళ్లు ఉన్నట్టుండి తేటగా కారె. ఏమీ కాదది, నూలు పోగంత. అయినా చెయ్యెత్తితి. రెండు చేతులూ ఎత్తితి. ఎర్రిస్వామి గొణుక్కుంటా ఆఖర్న మెట్టెక్కినాడు. వాడు నా పక్కకొచ్చి బీడీ తీసినాడో లేదో, కింద రాయి పగిలింది. బండెడంత పలక ఊడిపడి, దాని వెనక నుంచి నీళ్లు ఎగజిమ్మె. వాళ్లు నిలబడిన తావు చూస్తుండగానే తలమునక. సమ్మెటలు లోపలే. ఎర్రిస్వామి బీడీ పారేసి నా రెండు చేతులు పట్టుకుని కండ్లకద్దుకున్నాడు.

చెట్లు బతికె. ఎనబైలో డెబ్బై ఆరు. తొలి కాపు గంపలో పెట్టి గోవిందప్ప ఇంటికి పంపె మా వదిన. చూడు గుణం! తాడిపత్రి నుంచి గూడా రైతులు వచ్చినారు ఇంజను చూసేదానికి. "ఇంజను అంజనమ్మ ఇల్లు యాడ" అని అడుగుతా వచ్చేవాళ్లు. ఆయమ్మ అందరికీ ఇంజను చూపించి, ఆఖర్న నన్ను చూపించేది. "ఇంజను కొనుక్కోండప్పా, అట్లే మా మరిది లాంటోన్ని గూడా ఒగన్ని చూసుకోండి" అనేది. ఎగతాళి కాదు. నిజంగా అనేది. బావి గోడకు నాతో సున్నంతో గీత పెట్టించింది. నీళ్లు గీతకు దిగితే నేను "ఆపు" అనల్ల, ఆయమ్మ ఆపుతాది. దినామూ అంతే. తిప్పేది ఆయమ్మ, ఆపమనేది నేను. ఏడేండ్లు.

అరవై తొమ్మిదిలో... మూడు దినాల జ్వరం అంతే. నాలుగో పొద్దు ఒంట్లో బాగుందని చేన్లోకొచ్చె. వద్దంటే వినలా. హ్యాండిలు తిప్పి, ఇంజను పట్టుకున్నాక, చీనీచెట్టు నీడలో కూర్చునె. కాళ్లు చాపుకుని కాలవ నీళ్లు చూస్తా. నేను మెట్టు మీద ఉండా. నీళ్లు గీతకు వచ్చె. "వదినా, ఆపు" అంటి. లేయలా. మల్లా అంటి. పోయి చూస్తి.

ఇంజను నడస్తానే ఉండె. గీత దాటిపాయ. నాకు భయం కాలేదప్పా. ఆ ఒక్క పొద్దే, ఏ భయమూ కాలేదు. అట్లే కూర్చుంటి పక్కన. ఆఖరికి మా అన్న వచ్చె, ఏడేండ్లు ఆ ఇంజను పక్కకు పోనోడు. తన చేత్తో ఆపినాడు. ఎట్ల ఆపేదో ఎప్పుడు చూసి నేర్చుకున్నాడో...

ఊఁ. పొద్దు పోతాండాదే. మేకలు వచ్చినట్లుండాయి, గేటు తీయమని చెప్పు మీ అమ్మకు. ఆ ఫోను ఇట్ల తే. నా చేతికే ఇయ్యి, ఏం కాదులే. దీన్ని నడిపేది తర్వాత చూద్దాం గానీ, ఎట్ల ఆపేదో అది చెప్పు ముందు.