మోకాలి గడియ

శ్రీకాకుళంలో కృత్రిమ కాళ్లు అమర్చే గది. కళింగపట్నం నుంచి వచ్చిన నూకయ్యను రెండు కమ్మీల మధ్య నిలబెట్టి, కౌముది అతని కొత్త మోకాలు సరిచేస్తోంది. అతని భార్య లక్ష్మణమ్మ లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

“మళ్లీ లాగండి నూకయ్యగారూ. తొడ పక్కన తాడుంది కదా, అది లాగితేనే గడియ తెరుచుకుంటుంది. అప్పుడే మోకాలు వంగుతుంది.”

“లాగుతన్నానమ్మా. ఒంగదు.”

“మొన్న నా ముందే వంగిందే!”

“మొన్న ఒంగింది. ఇంటికాడ ఒంగనేదు.”

“తాడు మీ చేతికి సరిగ్గా అందట్లేదేమో. కొంచెం పొట్టి చేశాను. ఇప్పుడు?”

“ఊహూ.”

“నొప్పిగా ఉందా?”

“నొప్పేటి... ఏటీ తెలీదమ్మా. ఈ కాలొకటే కాదు, ఒల్లంతా అలగే ఉన్నాది.”

“పోనీ, ఒగ్గెయ్యమ్మా. ఒంగకపోతే ఒంగకపోయింది. బస్సు ఎల్లిపోతాది.”

“అదేంటి లక్ష్మణమ్మగారూ! ఆయన కూర్చోవద్దా?”

“మంచం మీద కూకుంటాడు. కాలు సాపుకుని.”

“మంచం ఏటే? రేపు ఇసకలో కూకోవాల కదా. కుర్సీ ఎక్కి పిండం పెడతారేటి?”

“పిండమా? ఎవరికి?”

“మా కొడుకు ధనరాజుకమ్మా. నా కాలు పోయిన్నాడే, సంద్రంలో బోల్తా పడిన ఆ పడవలోనే ఆడూ ఉన్నాడు. నాను దొరికినాను. ఆడు దొరకనేదు. ఇంక సెయ్యాల్సిందే అన్నారు ఊరోల్లు. సరే అన్నాను.”

“అయ్యో... నాకు చెప్పనే లేదు మీరు.”

“సెప్తే ఏటవుతాది? మోకాలు సూడమ్మా.”

“బేగి రా, బస్సు...”

“ఒక్క నిమిషం ఆగండమ్మా. పై తొడుగు తీసి చూస్తాను... ఇదేంటి? తాడుని కింద బోల్టుకి కట్టేసి ఉంది. మీరెంత లాగినా గడియ దాకా ఎలా వెళ్తుంది? ఇది చిక్కుపడింది కాదు, ఎవరో కట్టారు.”

“ఏదీ... ఇది వలముడమ్మా.”

“వలముడా?”

“సిరిగిన వలకి ఏస్తాం. మా ఇంట్లో నాకొచ్చు. ధనరాజుకొచ్చు.”

“అలా సూస్తావేటి? నాకూ వచ్చు. ఆడే నేర్పినాడు.”

“లక్ష్మణమ్మగారూ... మీరా?”

“కాలు ఇప్పి మూల పెట్టినప్పుడు కట్టినాను.”

“ఎందుకండీ? ఆయన పడిపోతే?”

“పడితే లేపుకుంటాను. ఈయన ఇసకలో కూకుంటే నా బిడ్డ సచ్చిపోతాడమ్మా. కూకోనంతసేపూ ఆడు ఎక్కడో ఉన్నట్టే.”

“ఏడవకండి... ఉండండి, ముందు కత్తెర తెచ్చి దాన్ని...”

“కొయ్యొద్దమ్మా.”

“నూకయ్యగారూ?”

“ఒసే లక్ష్మణమ్మా, ముడి వదులుగా ఏసినావే. ఆడు ఇలగే నేర్పినాడేటి? ఇలగియ్యి, నాను బిగిస్తాను.”