జెట్టీ కాదత్తా, జెట్

చేరిక నివేదిక మీద సంతకం చేయాలి. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఆరోగ్య ధ్రువపత్రం తేవాలి. మూల ధ్రువపత్రాలు చూపించి, టపా విభాగం ఎక్కడుందో వెతికి నకళ్ళు అందజేయాలి. విభాగాధిపతికి నమస్కరించాలి, కూర్చోవడానికి కుర్చీ అడగాలి. 1995 జూలై 17, సోమవారం నాడు మన భౌతికశాస్త్ర విభాగంలో ఉపన్యాసకులుగా చేరిన ఇద్దరి ముందూ ఇవే పనులున్నాయి. మధ్యాహ్నానికల్లా ఆచార్య దేవకుమారి గారు అన్నీ ముగించుకుని, కిటికీ పక్క కుర్చీలో మరునాటి పాఠం సిద్ధం చేసుకుంటున్నారు. రెండవ వ్యక్తినైన నేను ఇంకా టపా విభాగం ముందు వరుసలో నిలబడి ఉన్నాను. వారిపట్ల నాకు కలిగిన అసూయకు ఆనాడే అంకురార్పణ జరిగింది. వారి పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఉన్నదే రాస్తానని మాట ఇచ్చాను కనుక, ఆ సంగతి దాచడం లేదు.

భీమునిపట్నంలో పుట్టి, అక్కడి నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకుని, ఇదే నగరంలో ఆచార్య స్థానాన్ని అధిష్ఠించిన విదుషీమణి దేవకుమారి గారు. తొలి దశకంలో మేమిద్దరం ఒకే ప్రయోగశాలను పంచుకున్నాం. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. అందువల్ల నాకు తెలిసిన మార్గం ఒక్కటే, ఇచ్చిన పని సక్రమంగా చేయడం. వారైతే ఎవరూ ఇవ్వని పనిని కూడా వెతుక్కునేవారు. జెనీవా సమీపంలోని మహా కొలైడర్‌లో పనిచేసే పరిశోధక బృందంలోకి మన విభాగం నుంచి ఒకరికి అవకాశం వచ్చినప్పుడు ఇద్దరమూ దరఖాస్తు చేశాం. వారు వెళ్ళారు. వారి తరగతులు నేను తీసుకున్నాను.

అక్కడ వారు చేపట్టిన విషయాన్ని, ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం క్లుప్తంగా చెబుతాను. రెండు ప్రోటాన్లు అత్యధిక శక్తితో ఢీకొన్నప్పుడు వాటి లోపలి క్వార్కులు, గ్లువాన్లు దూసుకుపోతాయి. అవి ఒంటరిగా ఎవరి కంటా పడవు. కనురెప్ప కదిలేలోపే కణాల గుంపుగా మారి, ఒకే వైపుకు చిమ్ముకుంటాయి. ఆ చిమ్మునే జెట్ అంటారు. డిటెక్టరులో పడిన కణాల శక్తిని కూడి, పట్టుబడకుండా పోయినదానికి సవరణ వేసి, మొదట దూసుకొచ్చినది ఎంత బలంతో వచ్చిందో తేల్చడం వారి పని.

వారు జెనీవా నుంచి తిరిగివచ్చిన కొత్తలో, భీమిలిలో వారి తమ్ముడి కొత్త ఇంటి ప్రార్థనకు నన్నూ పిలిచారు. భోజనాల దగ్గర వారి మేనత్త అందరికీ వినపడేలా అడిగింది.

“ఏటే కుమారీ, అంత సదువు సదివి జెట్టీ మీద పన్జేత్తన్నావంట? మన హార్బర్లో జెట్టీల్లేవేటి, అంత దూరమెల్లావు?”

“జెట్టీ కాదత్తా, జెట్.”

“ఓలమ్మ, యిమానమా! మరి సెప్పవేటే!”

పందిరంతా గొల్లుమంది. దేవకుమారి గారు మాత్రం నవ్వకుండా చేతిలో పళ్ళెం పక్కన పెట్టారు. “చిచ్చుబుడ్డి ఎలిగిస్తావు కదత్తా. లోపల మందు నీకు కనపడదు. పైకి చిమ్మిన రవ్వల్ని బట్టి ఎంత మందు కూరారో చెప్తావు. నా పనీ అదే.”

“మీ మావ తెచ్చినయ్యయితే రవ్వలే రావు, ఒట్టి పొగ!”

“మజ్జిన నన్నెందుకే లాగుతావు?” అని అవతలి వరుసలోంచి మావయ్య అరిచారు.

అత్తగారి చూపు నా మీద పడింది. “మరి ఈ బాబేటి సేత్తారు?”

“నేనూ అదే డిపార్టుమెంటండీ.”

“అదే పనా?”

“కాదండీ, నాది న్యూక్లియర్…”

“ఆఁ, సరే బాబూ. బిర్యానీ ఎట్టించుకోండి.”

నాటి నుంచి ఆ ఉపమానం తరగతి గదిలోకి వచ్చింది. విద్యార్థులు వారిని ‘చిచ్చుబుడ్డి మేడమ్’ అని ప్రేమగా పిలుచుకుంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఒక మారుపేరు కూడా రాలేదు.

వారి పొరపాటును చూసి కూడా నేను అసూయపడ్డాను. రెండేళ్ళ క్రితం వారి పరిశోధక విద్యార్థిని యశస్విని గీసిన గ్రాఫులో, జెట్ల జంటల ద్రవ్యరాశి లెక్కలో, ఒకచోట గూను లేచింది. కొత్త కణమేమోనని విభాగమంతా టీకి కూడా వెళ్ళకుండా ఆ తెర చుట్టూ మూగింది. దేవకుమారి గారు తెర ఆపించి, తమ పాత ప్రోగ్రాంను మొదటి నుంచి తిరగేశారు. డిటెక్టరు అంచుల్లో ఒక్కసారి వేయవలసిన సవరణ రెండుసార్లు పడింది. ఆ వారం దేశదేశాల శాస్త్రవేత్తలు హాజరైన ఆన్‌లైన్ సమావేశంలో, “ఆ గూను నా ప్రోగ్రాంలోంచి వచ్చింది, ఆ అమ్మాయి తప్పేమీ లేదు” అని వారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. నేను తప్పు చేస్తే మెమో వస్తుంది.

చప్పట్లు ఆగాక మిగిలింది యశస్విని. లెక్కంతా తిరిగి చేయవలసి వచ్చింది. సిద్ధాంత గ్రంథం సగంలో ఉండగానే గైడు గారి పదవీ విరమణ వచ్చిపడింది. సర్వీసులో ఉన్న గైడు దొరక్కపోతే నమోదు రద్దవుతుంది. గాజువాకలోని వాళ్ళింట్లో, ఇక చాలించి బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. ఆ ఇంట్లోనూ కాలేజీకి వచ్చిన మొదటి మనిషి ఆమే.

గత నెలలో దేవకుమారి గారు నా గదికి వచ్చి నిలబడ్డారు.

“అర్జునరావు గారూ, యశస్వినిని మీ దగ్గర చేర్చుకుంటారా?”

“జెట్లు నాకు రావు కదా మేడమ్.”

“రానిది రాదని చెప్పేస్తారు. నాకు కావలసింది అలాంటివారే. జెట్లు నేను చెప్తాను.”

ఆ పూటే కాగితాల మీద సంతకం చేశాను. సాయంత్రం యశస్విని తలుపు దగ్గర నిలబడి, “సార్, ఏటనుకోకండి. డౌట్లొస్తే మేడమ్ దగ్గరికెల్తాను” అంది. “ఎల్లమ్మా” అన్నాను. ఇంకేమనగలను? ముప్ఫై ఏళ్ళుగా విద్యార్థులందరూ వెళ్తున్న దారే అది.

ఆచార్య దేవకుమారి గారికి నిండైన ఆరోగ్యం, చూపు చెదరని దీర్ఘాయువు, భర్త ఆనందకుమార్ గారి సాహచర్యంలో నిశ్చింతగా గడిచే రోజులు సమకూరాలని విభాగం పక్షాన మనసారా కోరుకుంటున్నాను. ఇక ఆనందకుమార్ గారికి ఒక మనవి. మేడమ్‌కు విశ్రాంతి అవసరమని మీరు ఇకపై మీ భీమిలి ఇంటి గేటు వేసి ఉంచుతారని విన్నాను. ఆదివారాల్లో ఒక సన్నపాటి అమ్మాయి, భుజాన ల్యాప్‌టాప్ సంచీతో, రెండు బస్సులు మారి వచ్చి ఆ గేటు తడుతుంది. కాగితాల మీద నా విద్యార్థిని. పేరు యశస్విని. దయచేసి గుర్తుంచుకోండి.