లుడ్మిలా కాలు

టీవీలో కచేరీ సౌండు తగ్గించకు అమ్మాయ్, ఇంకా ఆ మార్చ్ రాలేదు, చివర్న వస్తుంది. ఆ పందిబొమ్మ మిఠాయి ఇటు పెట్టు, కొత్త సంవత్సరం పూట అదృష్టానికని అది తినకపోతే మీ అమ్మ ఊరుకోదు. ఏంటీ? రాడెట్స్కీ మార్చ్‌కి వియన్నా అంతా చప్పట్లు కొడుతుంటే నేనెందుకు కొట్టనా? మీ లుడ్మిలా అమ్మమ్మ వల్లే. నువ్వు పుట్టకముందే పోయిందిగా, నీకేం తెలుసు! మా ట్రామ్ షెడ్డు బ్యాండులో నాది క్లారినెట్, ఆవిడది డ్రమ్ము. పగలు ట్రాములో టికెట్లు కొట్టేది, సాయంత్రం ప్రపంచాన్ని మార్చేది. మాటల్తోనేలే.

ఓ ఏడు మా కొత్త సంవత్సరం కచేరీకి బ్యాండు మాస్టారు, క్రాటోఖ్విల్ గారని, ఈ మార్చ్ పెట్టారు. అంతే, లేచింది మీ అమ్మమ్మ! "ఇటలీ జనం స్వేచ్ఛ కావాలంటే ఫిరంగులతో జవాబిచ్చిన ఆ ముసలి జనరల్ రాడెట్స్కీకి జేజేలా? మనం కార్మికులమా, కోట కాపలాదారులమా?" ఆయనేమో "అమ్మా, అది ఏనాటి గొడవ! మధ్యలో వచ్చే ఆ మెత్తటి వరస మన వీధుల్లో పాడుకున్నదేనంటారు." ఈవిడ ఊరుకుంటుందా! "ఈ మార్చ్ రాసినాయన కొడుకే అప్పట్లో తిరగబడ్డవాళ్ళ వైపున్నాడు. మీకా పాటి బుద్ధి లేదా?" ఆయనకి ఒళ్ళు మండిపోయింది. "వాయించకపోతే డ్రమ్ము అప్పజెప్పి వెళ్ళు!" ఆ డ్రమ్మంటే ఆవిడకి ప్రాణం. నాకేమో ఆవిడంటే. పెళ్ళి మాటింకా ఎత్తలేదు, ఆవిడ బ్యాండులోంచి పోతే ఎక్కడని ఎత్తను?

హాలంతా జనం. ఆ మార్చ్ మొదలయ్యేదే ఒంటరి డ్రమ్ముతో, తెలుసుగా. మాస్టారు కర్రెత్తారు. ఈవిడ చేతులు కట్టుకుంది. "నిద్రపోయిందిరోయ్!" అని వెనకనుంచి ఎవడో. పోనీలే పాపమని జనమే ఆ డ్రమ్ము దరువు చప్పట్లతో అందుకున్నారు. టటటం, టటటం! మాస్టారు మాకు సైగ చేశారు, దూకేశాం. కానీ మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, రెండు గ్లాసుల వైను పడితే చేతులాగవు. మెత్తగా కొట్టాల్సిన చోట మోత, పైగా పరుగు. బుద్ధిగా నడిచే గుర్రంలాంటి మార్చ్ కాస్తా పగ్గం తెంచుకుంది. నా వేళ్ళు ముడిపడ్డాయి. ట్రాంబోన్ వాడు మమ్మల్నొదిలేసి ముందెళ్ళిపోయాడు. ఓరగా చూశానా, లుడ్మిలా చేతులు కట్టుకునే ఉంది, కానీ ఆ కాలు! దాని పాటికది సరైన లయ కొడుతోంది. ఇక తట్టుకోలేకపోయింది. "ఆగండ్రా, దరిద్రుల్లారా!" అని పుల్లలందుకుంది. ఒక్కో దెబ్బకీ హాలు హాలంతా వెనక్కి లయలోకొచ్చింది. మెత్తటి వరసకి గుసగుసలాడించింది చూడు, అన్ని వందల చేతులూ వాన వెలిసినట్టు తగ్గాయి.

అయ్యాక మాస్టారు మీసం దువ్వి "వాయించావుగా!" అన్నారు. "మీ జనరల్‌కి కాదు. లయ చచ్చిపోతుంటే చూడలేక." డ్రమ్ము తీసుకోలేదాయన. ఆ తర్వాత ఏటా అంతే, జనం మొదలెట్టడం, ఈవిడ ఆలస్యంగా కలవడం, అదే ఆచారమైపోయింది. ఆ సాయంత్రమే నేను పెళ్ళి మాటెత్తాను. ఏమందో తెలుసా? "క్లారినెట్లూ పరిగెత్తాయి. ముందది దిద్దుకో." దిద్దుకున్నానులే. బ్యాండు మానేశాక కూడా, పోయేదాకా ఏటా టీవీ ముందు ఇదే కుర్చీలో, చేతులు కట్టుకుని, కింద ఆ కాలు మాత్రం...

ష్! డ్రమ్ము. నువ్వు కొట్టుకో అమ్మాయ్, మెత్తగా, పరిగెత్తకు. నా చేతులేం చూస్తావ్, కింద చూడు.